నేల విడిచిన సాము: పైనుంచి తీసిన ఫొటోల్లో చెట్టు ఎత్తు

ఎత్తు అంటే రెండు మట్టాల తేడా. చెట్టు కొస ఏ మట్టంలో ఉందో ఒకటి, మొదలు ఏ మట్టంలో ఉందో రెండోది. డ్రోన్ ఫొటోలతో ఎత్తులు తీసేవాళ్లలో ఎక్కువమంది మొదటిదాని మీదే ప్రాణం పెడతారు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎంత ఎత్తున ఎగిరింది, ఒక పిక్సెల్ నేల మీద ఎన్ని సెంటీమీటర్లు అని. తప్పు మాత్రం చాలాసార్లు రెండోదాని దగ్గర పుడుతుంది. కనబడని నేలను ఊహించుకుని ఎత్తు లెక్కేయడం అచ్చంగా నేల విడిచి సాము చేయడమే. ఇక బ్రోషర్లో పిక్సెల్ సైజు 2.7 సెంటీమీటర్లని పెద్దక్షరాల్లో వేసి, చెట్టు ఎత్తూ అంతే ఖచ్చితంగా వస్తుందన్నట్టు అమ్మడం ఉంది చూశారూ, అది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం.

బెంగళూరులో ఈ కొలతలు అడిగేవాళ్లు రకరకాలు. రోడ్డు వెడల్పు చేసేచోట ఏ చెట్టు ఉంచాలో జాబితా రాసేవాళ్లు, హైటెన్షన్ లైనుకు కొమ్మలు ఎంత దగ్గరకొచ్చాయో చూసుకునేవాళ్లు, విమానాల దారిలో అడ్డంకులు సర్వే చేసేవాళ్లు, ఒక క్యాంపస్‌లో చెట్ల బయోమాస్ (బరువు) లెక్కేసేవాళ్లు. అందరికీ ఒకే ఖచ్చితత్వం అక్కర్లేదు. బయోమాస్ సూత్రాల్లో ఎత్తు దాదాపు నేరుగా గుణింపులోకి వస్తుంది. 20 మీటర్ల చెట్టుకు 2 మీటర్లు తప్పితే బరువు కూడా సుమారు 10 శాతం తప్పుతుంది. వందల చెట్ల మీద ఎక్కువతక్కువలు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి, కానీ అన్నీ ఒకేవైపు తప్పితే పోవు. విమానం దారిలో చెట్టుకు సగటుతో పనిలేదు. ఆ ఒక్క కొస ఎంత ఎత్తుందో కావాలి, తక్కువ చూపిస్తే ప్రమాదం. ఫొటోల పద్ధతి సహజంగా తక్కువ చూపించే రకం.

పారలాక్స్ బార్ నేర్పేది

ఇప్పుడు ఎవరూ పారలాక్స్ బార్ (జంట ఫొటోల్లో ఒకే వస్తువు ఎంత జరిగి కనబడుతుందో, అంటే దాని పారలాక్స్ ఎంతో కొలిచే స్కేలు) పట్టుకోకపోయినా, ఆ లెక్క ఒకసారి చేతులారా చేస్తే తప్పు ఎక్కడినుంచి వస్తుందో కళ్లకు కడుతుంది. 23 సెంటీమీటర్ల ఫిల్ము, 152 మిల్లీమీటర్ల లెన్సు, 1:10,000 స్కేలు అనుకుందాం. అంటే విమానం నేలకు 1,520 మీటర్ల పైన ఎగిరింది. వరుస ఫొటోల మధ్య 60 శాతం ఓవర్‌ల్యాప్ (రెండింట్లోనూ పడే భాగం) ఉంటే ఫొటో మీద బేస్, అంటే ఆ రెండు ఫొటోలు తీసిన చోట్ల మధ్య దూరం, 92 మి.మీ. ప్రతి ఫొటోకీ ప్రిన్సిపల్ పాయింటు (నడిబిందువు) గుర్తించి, పక్క ఫొటో పాయింటును దీనిమీదికి మార్చి, నాలుగు చుక్కలూ ఒకే గీతలో పడేలా మిర్రర్ స్టీరియోస్కోప్ (రెండు ఫొటోల్నీ కలిపి ఎత్తుపల్లాలతో చూపే అద్దాల పరికరం) కింద టేపుతో అతికించాలి. ఆ తర్వాత బార్‌లో గాల్లో తేలినట్టు కనబడే చుక్కను చెట్టు మొదట్లో నేలకు ఆనించి ఒక రీడింగు, కొసకు ఆనించి ఇంకో రీడింగు. 11.36, 12.59 వచ్చాయనుకోండి, తేడా 1.23 మి.మీ. ఎగిరిన ఎత్తును ఈ తేడాతో గుణించి, మొదలు దగ్గరి పారలాక్స్‌కు, అంటే ఆ 92కు, ఇదే తేడా కలిపి దానితో భాగించాలి. 1520 × 1.23 ÷ 93.23 = 20 మీటర్లు.

బార్ మీద 0.01 మి.మీ. దాకా చదవొచ్చు, ఈ స్కేల్లో అది 16 సెంటీమీటర్లు. కానీ చుక్క నేలకు ఆనిందా, గాల్లో తేలుతోందా అన్నది మనిషి కన్ను తేల్చాలి. రీడింగుల తేడాలో 0.05 మి.మీ. అటూఇటూ అయితే 80 సెంటీమీటర్లు పోయినట్టే. అందుకే ఒక్కోచోట మూడు నుంచి ఐదుసార్లు చదవాలి, ప్రతిసారీ చుక్కను పూర్తిగా తప్పించి మళ్లీ తెచ్చి ఆనించాలి. నేల రీడింగు తీసేటప్పుడు మొదలు కనబడకపోతే పక్కనున్న ఖాళీ జాగాలో తీస్తారు. నేల వాలి ఉంటే అక్కడే ఎత్తు మారిపోతుంది. గమనించండి, అప్పుడైనా ఇప్పుడైనా ఇబ్బంది అదే.

బెంగళూరుకే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. విమానంలోని ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) చెప్పేది సముద్రమట్టం నుంచి ఎత్తు. ఇక్కడి నేల సుమారు 920 మీటర్ల మీద ఉంది. ఫొటో అంచున 2,440 అని ఉంటే అదే సంఖ్యను సూత్రంలో పెట్టేస్తే 20 మీటర్ల చెట్టు 32 మీటర్లవుతుంది. చెన్నైలో ఇదే పొరపాటు చేసినా పట్టుబడదు, అక్కడ నేల సముద్రానికి కొద్ది మీటర్లే పైన. అక్కడ కుదిరిన ఎక్సెల్ షీటును యథాతథంగా ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు బండారం బయటపడుతుంది.

ఒక్క ఫొటోయే ఉంటే చెట్టు బయటివైపు ఒరిగినట్టు కనబడే పొడవుతో ఎత్తు కట్టొచ్చు. పై లెక్కల్లోనే ఫొటో కేంద్రానికి 80 మి.మీ. దూరంలో ఉన్న 20 మీటర్ల చెట్టు సుమారు 1.05 మి.మీ. ఒరుగుతుంది. 0.1 మి.మీ. తప్పు కొలిస్తే దాదాపు 2 మీటర్లు పోతాయి. కేంద్రంలో ఉన్న చెట్టు ఎంత పొడవైనా ఒరగదు. ఒంటరి చెట్టుకు, టవరుకు తప్ప దీన్ని వాడకపోవడమే మంచిది.

నీడ

నీడ పొడవును సూర్యుడి కోణం ట్యాంజెంటుతో గుణిస్తే ఎత్తు. చూడ్డానికి ఇంతకన్నా తేలికైంది లేదు. జనవరి మధ్యలో బెంగళూరులో ఉదయం 9 గంటలకు సూర్యుడు సుమారు 28 డిగ్రీల మీద ఉంటాడు. 20 మీటర్ల చెట్టు నీడ 37 మీటర్లు. నగరంలో 37 మీటర్ల నీడ పూర్తిగా చదునైన నేలమీద పడే చోటు వెతుక్కోవాల్సిందే. ఎదురింటి గోడ ఎక్కుతుంది, కాలువలోకి దిగుతుంది. 11 గంటలకు కోణం 49 డిగ్రీలు దాటి నీడ 17 మీటర్లకు తగ్గుతుంది, ఆ గంటే నయం. టైము విషయంలో జాగ్రత్త. ఉదయం పూట ఐదు నిమిషాల తేడాకే సూర్యుడు సుమారు ఒక డిగ్రీ కదులుతాడు, 9 గంటల నీడలో ఆ డిగ్రీ ఖరీదు 80 సెంటీమీటర్లు. కెమెరా గడియారం సరిచూడకుండా నీడ లెక్క మొదలుపెట్టకూడదు. ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో మధ్యాహ్నం 12 దాటాక సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కాబట్టి నీడే ఉండదు. ఆ రోజుల్లో తీసిన మధ్యాహ్నపు ఫొటోలు ఈ పనికి దండగ.

అసలు చిక్కు చెట్టు ఆకారంలో ఉంది. సిల్వర్ ఓక్ నీడ కొస చెట్టు కొసదే. నిద్రగన్నేరు లాంటి గొడుగు చెట్టుకు సూర్యుడు పైన ఉన్నప్పుడు నీడ అంచు పడేది గొడుగు అంచు వల్ల, నడినెత్తి వల్ల కాదు. ఆ నీడను మాను దగ్గర్నుంచి కొలిచి గుణిస్తే వచ్చేది ఏ కొమ్మ ఎత్తూ కాదు.

డ్రోన్: 60 మీటర్ల కప్పు కింద

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 400 అడుగుల దాకా ఎగరొచ్చు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే, ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా కుదరదు. దేవనహళ్లి, హెచ్‌ఏఎల్, యలహంక, జక్కూరు ఇన్ని ఉన్న ఊళ్లో చాలాచోట్ల ఈ లెక్కలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఎగరేముందు డిజిటల్ స్కై మ్యాపు (డ్రోన్ ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూసుకోవడం ఎలాగూ తప్పదు. ఇక్కడ చెప్పాల్సింది ఆ 200 అడుగులు, అంటే సుమారు 60 మీటర్లు, చెట్టు ఎత్తును ఏం చేస్తాయన్నది.

తక్కువ ఎత్తున ఎగిరితే పిక్సెల్ చిన్నదవుతుంది కాబట్టి ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. ఒక అంగుళం సెన్సరు, 8.8 మి.మీ. లెన్సు ఉన్న 20 మెగాపిక్సెళ్ల కెమెరాకు 100 మీటర్ల నుంచి పిక్సెల్ 2.74 సెం.మీ., 60 మీటర్ల నుంచి 1.64 సెం.మీ. కానీ ఒకే చుక్క వేర్వేరు ఫొటోల్లో పడితేనే సాఫ్ట్‌వేర్ వాటిని జత కలిపి ఎత్తుల మోడల్ కడుతుంది. ఫ్లైట్ ప్లానింగ్ యాప్‌లో పెట్టే ఓవర్‌ల్యాప్ మాత్రం నేల మట్టంలో లెక్క. చెట్టు కొస కెమెరాకు దగ్గరగా ఉంటుంది, అక్కడ ఒక్కో ఫొటోలో పడే మేర చిన్నది. 60 మీటర్ల మీద ఎగురుతూ 80 శాతం ఓవర్‌ల్యాప్, 70 శాతం సైడ్‌ల్యాప్ (పక్క వరుస ఫొటోలతో ఓవర్‌ల్యాప్) పెట్టారనుకోండి. 25 మీటర్ల చెట్టు కొస దగ్గర దూరం 35 మీటర్లే. అక్కడ మిగిలే ఓవర్‌ల్యాప్ 66 శాతం, సైడ్‌ల్యాప్ 49 శాతం కూడా పూర్తిగా ఉండదు. అదే 100 మీటర్ల మీదైతే కొస దగ్గర ఓవర్‌ల్యాప్ 73 శాతం ఉంటుంది. 60 మీటర్ల దగ్గర ఆగాల్సి వస్తే 88–90 శాతం ఓవర్‌ల్యాప్, 80 శాతానికి తగ్గని సైడ్‌ల్యాప్ పెట్టుకోవాలి. బ్యాటరీలు ఎక్కువ పడతాయి, తప్పదు.

టేకాఫ్ ఎక్కడినుంచి అన్నదీ చూసుకోవాలి. డ్రోన్ చెప్పే ఎత్తు బయల్దేరిన చోటు నుంచి. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మిద్దె మీదినుంచి లేపి 60 అని పెడితే నేలకు 72 మీటర్లు. హద్దు దాటినట్టు, పిక్సెల్ లెక్కా మారినట్టు. చెరువు గట్టు కింద నుంచి లేపితే దీనికి తిరగబడుతుంది.

ఇక కొస దగ్గర తప్పు ఎంత? కాగితం మీద చాలా తక్కువ. 100 మీటర్ల నుంచి 80 శాతం ఓవర్‌ల్యాప్‌తో పక్కపక్క ఫొటోల మధ్య దూరం 20 మీటర్లు. పిక్సెల్‌లో సగం మేర తప్పు జత కలిసినా ఎత్తులో తేడా 7 సెంటీమీటర్లకు లోపే. నేల మీది రాయికి ఇది నిజంగానే దక్కుతుంది. ఆకుకు దక్కదు. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతే ఆ రెండు ఫొటోల మధ్య 4 సెకన్లు గడుస్తాయి. ఆలోగా కొస కొమ్మ 20 సెంటీమీటర్లు ఊగితే అది 7 పిక్సెళ్లు. సాఫ్ట్‌వేర్ అక్కడ జత కుదరక ఆ చుక్కను వదిలేస్తుంది, లేదా పక్క ఆకుతో కలిపి తప్పు ఎత్తు కడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా బెంగళూరు పడమటి గాలి ఈ పనికి శత్రువు. జనవరి, ఫిబ్రవరి ఉదయాలు మేలు. చెన్నైలో సముద్రపు గాలి అందుకోకముందే, పొద్దున్నే ముగించాలి. పల్చటి మబ్బు కప్పిన రోజు దొరికితే వదలకండి. నీడలు లేని మెత్తటి వెలుతురులో గుబురు లోపలి కొమ్మలకు కూడా జతలు కుదురుతాయి.

గాలి లేకపోయినా సన్నటి కొసలు పోతాయి. సాఫ్ట్‌వేర్ ఒంటరి చుక్కను కాక చిన్న గడిని గడితో పోలుస్తుంది. సిల్వర్ ఓక్, అరౌకేరియా లాంటి శంఖాకారపు చెట్ల చివరి మీటరు పిడికెడు వెడల్పే. ఆ గడిలో చాలా భాగం కిందున్న నేలదే కాబట్టి కొస మింగుడుపడిపోతుంది. ఇలాంటి చెట్లకు మీటరు, అంతకు మించి కోత పడటం మామూలే. నిద్రగన్నేరుకు, మర్రికి పైభాగం వెడల్పు కాబట్టి కోత కొద్దిగానే ఉంటుంది. అజిసాఫ్ట్ మెటాషేప్ సాఫ్ట్‌వేర్‌లో డెప్త్ ఫిల్టరింగ్ (తప్పు చుక్కల్ని ఏరేసే అమరిక) ‘అగ్రెసివ్’ పెడితే భవనాల గోడలు శుభ్రంగా వస్తాయి, చెట్ల కొసలు చెత్తలో కలిసిపోతాయి. చెట్లకు ‘మైల్డ్’ పెట్టుకోవాలి. రాస్టర్ (ఎత్తుల గళ్ల మ్యాపు) చేసేటప్పుడు గడిలో సగటు తీసుకోకుండా గరిష్ఠం తీసుకోవాలి, గడి 10 సెంటీమీటర్లు చాలు. చెట్లను వేరుచేయడానికి రాస్టర్‌ను నున్నగా చేయాల్సి వస్తుంది. చాలామంది ఎత్తు కూడా ఆ నున్నచేసిన దానిమీదే చదివేస్తారు. చెట్టు ఎక్కడుందో దానిమీద పట్టుకోండి, ఎత్తు మాత్రం నున్నచేయని దానిమీద చదవండి. ఈ ఒక్క మార్పుకే సూదికొస చెట్లలో పోయిన ఎత్తు కొంత తిరిగొస్తుంది.

కొబ్బరి దగ్గర ముందే ఒక మాట అనుకోవాలి. ఎత్తు అంటే మొవ్వు కొసా, వంగిన మట్టల పైభాగమా, మాను చివరా? ఫొటో చూపించేది మట్టల విల్లు. నేల మీద కొలిచేవాళ్లు తరచూ మాను చివర చూస్తారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తప్పు అనడం అన్యాయం.

మొదలు ఎక్కడ?

పై తంటాలన్నీ పడి కొసను అర మీటరు లోపలికి తెచ్చాక, అసలు కథ ఇక్కడుంది.

వీధి చెట్టుకు పెద్ద బాధ లేదు. చుట్టూ రోడ్డు, ఫుట్‌పాత్ కనబడతాయి. అయినా రాజకాలువ (పెద్ద వాననీటి కాలువ) గట్టు చెట్టును నమ్మకండి. మొదలు కాలువ లోపలి అంచున ఉంటుంది, ఫొటోలో కనబడే నేల రోడ్డుది. రెంటి మధ్య 3 మీటర్ల తేడా ఉంటే 18 మీటర్ల చెట్టు 15 అయిపోతుంది. రిటైనింగ్ వాల్ దగ్గరా అంతే. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు, జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) క్యాంపస్‌లో గుబురు కలిసిపోయిన భాగాల్లో మొదలు కాదు కదా, 30–40 మీటర్ల మేర నేల చుక్కే దొరకదు. ఫొటోకు ఆకు కింద ఏముందో తెలియదు. లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే పరికరం) కిరణం సందుల్లోంచి దూరుతుంది, ఫొటోకు ఒకే నేల చుక్క కనీసం రెండు మూడు ఫొటోల్లో కనబడాలి. వెదురు పొదల కింద అది జరిగే పని కాదు. లంటానా పెరిగిన చోట ఇంకో మోసం: మీటరున్నర ఎత్తు పొద పైభాగాన్నే సాఫ్ట్‌వేర్ నేల అనుకుంటుంది, ప్రతి చెట్టూ మీటరున్నర పొట్టిదవుతుంది.

ఉచితంగా దొరికే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్‌లో నేలను వేరుచేసే ఎస్‌ఎమ్‌ఆర్‌ఎఫ్ ఫిల్టరుకు నాలుగు మీటలున్నాయి. అందులో విండో మామూలుగా 18 మీటర్లు, స్లోప్ 0.15, త్రెషోల్డ్ 0.5 మీటర్లు. విండో అంటే, ఇంత వెడల్పు దాకా నేలకు పైకి లేచిన వస్తువుల్ని నేల కాదని తీసేయమని. 40 మీటర్ల గుబురు మధ్యలో నేల కనబడకపోతే 18 మీటర్ల విండోకు ఆ గుబురే నేలలా తోస్తుంది. అప్పుడు చెట్టు ఎత్తు 3, 4 మీటర్లు వస్తుంది, చూడగానే తెలిసిపోతుంది కూడా. తెలియనిది సగం తప్పు: అంచున నేల దొరికి, లోపలికి పోయేకొద్దీ ఊహ నేల మెల్లగా పైకి లేచి, 22 మీటర్ల చెట్టు 19 అని వచ్చినప్పుడు. విండోను 50కి పెంచితే గుబురు తొలగుతుంది గాని లాల్‌బాగ్ బండ లాంటి నిజమైన గుట్ట కూడా పోయే ప్రమాదం ఉంది. ఆ బండ 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ రాయి, ఫిల్టరుకు అది కూడా ఒక పెద్ద భవనమే. మిట్టపల్లాలున్న చోట స్లోప్ 0.15ను పెంచుకోవాలి. ఏ మీట ఎటు తిప్పినా సరే, నేల చుక్కలు ఎక్కడెక్కడ నిజంగా దొరికాయో, ఎక్కడ నింపినదో ఒక మ్యాపుగా తీసి పక్కన పెట్టుకోండి. నేల చుక్కకు 10 మీటర్లకు మించి దూరంలో ఉన్న చెట్ల ఎత్తుల్ని వేరే రంగులో చూపడం కనీస మర్యాద.

దీనికి నమ్మకమైన మందు రెండు రకాలు. మొదటిది, నేలను నేల మీదే కొలవడం. గుబురు కింద ఆర్‌టీకే పరికరం (సెంటీమీటర్ల ఖచ్చితత్వపు జీపీఎస్) ఫిక్స్, అంటే ఖచ్చితమైన లెక్క, పోయి ఫ్లోట్ అనే ఉజ్జాయింపులోకి జారుతుంది, అక్కడ అది చూపించే ఎత్తును నమ్మి రాసుకుంటే మీటరు కూడా తప్పొచ్చు. ఆరుబయట ఫిక్స్ దొరికిన పాయింటు నుంచి టోటల్ స్టేషన్‌తోనో (కోణం, దూరం కొలిచే సర్వే పరికరం) ఆటో లెవెల్‌తోనో (మట్టం తేడా కొలిచేది) లోపలికి మట్టం మోసుకెళ్లాలి. చదును జాగాలో 15 మీటర్లకొకటి, వాలులో 8–10 మీటర్లకొకటి స్పాట్ లెవెల్ చాలు. రెండోది రెండుసార్లు ఎగరడం. జకరండా, గుల్‌మొహర్ ఆకు రాల్చే ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి ఎగిరి నేలను పట్టుకోవాలి. చిగురేసి గుబురు కట్టాక ఇంకోసారి ఎగిరి కొసలు పట్టుకోవాలి. ఒకే ఫ్లైట్‌తో సరిపెడితే ఆకు లేనప్పుడు సన్నకొమ్మలు మోడల్‌లోకి రావు, ఆకు ఉన్నప్పుడు నేల రాదు. పచ్చగానే ఉండే మామిడి, పనస తోపుల్లో మాత్రం ఈ ఉపాయం పారదు, మొదటి మందే గతి.

ఉపగ్రహ డీఈఎంను (ఎత్తుల మ్యాపును) నేలగా వాడేద్దామని కొందరికి తోస్తుంది. కార్టోశాట్-1 2005లో ఎగిరిన ఉపగ్రహం, పిక్సెల్ 2.5 మీటర్లు. దాన్నుంచి తీసిన కార్టోడెమ్‌లో గానీ నాసా రాడార్ ఎత్తుల మ్యాపు ఎస్‌ఆర్‌టీఎమ్‌లో గానీ మీటర్ల కొద్దీ ఊగిసలాట ఉంటుంది, పైగా గుబురున్న చోట చెట్ల ఎత్తు కొంత నేలలోనే కలిసిపోయి ఉంటుంది. ఒక్క చెట్టు ఎత్తుకు ఇవి పనికిరావు. వాటితో ఇంకో ప్రమాదం మట్టాల తికమక. జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటివి) ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమికి గణితం గీసిన నున్నటి ఆకారం) నుంచి ఎత్తు, ఎస్‌ఆర్‌టీఎమ్ ఇచ్చేది సముద్రమట్టం నుంచి. బెంగళూరులో ఈ రెంటికీ 80 మీటర్లకు పైగా తేడా ఉంది. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే చెట్లన్నీ 60 మీటర్ల లోతున పాతిపెట్టినట్టు వస్తాయి. అది నయం, కనబడుతుంది కాబట్టి దిద్దుకుంటాం. రెండు వేర్వేరు జియోయిడ్ (సముద్రమట్టపు ఆకారం) మోడళ్లు వాడితే వచ్చే చిన్న తేడా కనబడకుండా ప్రతి చెట్టులోనూ కూర్చుంటుంది.

గ్రౌండ్ కంట్రోల్ పాయింట్ల (నేల మీద ముందే కొలిచి గుర్తుపెట్టిన చోట్ల) గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొసా, నేలా రెండూ ఒకే మోడల్ నుంచి తీస్తే మోడల్ మొత్తం 30 సెంటీమీటర్లు పైకి లేచినా చెట్టు ఎత్తు మారదు, తీసివేతలో పోతుంది. మోడల్ గిన్నెలా వంగినా ఒక్క చెట్టు మేరకు పెద్ద తేడా రాదు. నేలను టోటల్ స్టేషన్ నుంచో పాత సర్వే నుంచో తెస్తే మాత్రం ప్రతి సెంటీమీటరూ చెట్టు నెత్తిన పడుతుంది. అప్పుడు అంచుల్లో, మధ్యలో కలిపి 6 నుంచి 8 పాయింట్లు, వాటికి తోడు లెక్కలో కలపని చెక్ పాయింట్లు 4, కెమెరాను 15–20 డిగ్రీలు వంచి తీసిన రెండు అడ్డ వరుసలు తప్పనిసరి.

దేనితో పోల్చి తప్పంటున్నాం?

ఫొటో ఎత్తును నేల మీద క్లైనోమీటరుతో (కోణం కొలిచే పరికరం) కొలిచిన ఎత్తుతో పోల్చి, తేడా మొత్తాన్ని ఫొటో ఖాతాలో రాసేయడం ఆనవాయితీ. ఆ నేల కొలత ఎంత నిజం? 20 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల వ్యాసార్ధం గొడుగు ఉన్న నిద్రగన్నేరు మానుకు 25 మీటర్ల దూరంలో నిలబడండి. మీకు కనబడే ‘కొస’ నడినెత్తి కాదు, మీ వైపు గొడుగు అంచు. అది మీకు 13 మీటర్ల దూరంలో, 15 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కంటి ఎత్తు 1.5 మీటర్లు. కోణం ట్యాంజెంటు 13.5 ÷ 13. దాన్ని మాను దూరం 25తో గుణించి కంటి ఎత్తు కలిపితే 27.5 మీటర్లు. నిజం కన్నా ఏడున్నర మీటర్లు ఎక్కువ. లేజర్ రేంజ్‌ఫైండరుతో ఆ అంచుకే దూరం తీసి సైను పద్ధతిలో లెక్కేస్తే సరిగ్గా 15 వస్తుంది. అది ఆ కొమ్మకు నిజమే, చెట్టుకు మాత్రం 5 మీటర్లు తక్కువ. ఇలాంటి చెట్టుకు 19.6 అని చెప్పిన డ్రోనును తప్పుపట్టడం చూస్తుంటాం.

అందుకే పోలికకు చెట్లను ఎంచుకోవడంలోనే సగం పనుంది. కొసా, మొదలూ రెండూ ఒకే చోటునుంచి కనబడే చెట్లు కావాలి. చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం పోయి నిలబడాలి. రెండు వేర్వేరు దిక్కుల నుంచి కొలవాలి, రెంటికీ అర మీటరు కన్నా తేడా వస్తే ఆ చెట్టును వదిలేయాలి. ఒక్కో ఆకారానికి 30 చెట్లు పోగుచేయాలి, అన్నీ కలిపి 30 కాదు. ఫీల్డ్ షీట్లు కన్నడలో వస్తాయి కాబట్టి పేర్లు చూసుకోండి: హొంగె మన కానుగ, బేవు వేప, అరళి రావి, తెంగు కొబ్బరి. జాతి తప్పు పడితే సూదికొస చెట్ల తప్పు గొడుగు చెట్ల ఖాతాలో చేరుతుంది.

ఫలితం చెప్పేటప్పుడు ఒక్క ఆర్‌ఎమ్‌ఎస్‌ఈతో (తప్పుల వర్గాల సగటుకు వర్గమూలం) సరిపెట్టకండి. సగటు తేడా మైనస్ 1.2, దాని చుట్టూ చెదురు 0.9 అయితే ఆర్‌ఎమ్‌ఎస్‌ఈ 1.5. ఇందులో 1.2 దిద్దుకోగలిగింది, ఒకేవైపు తప్పు కాబట్టి. సిల్వర్ ఓక్‌లకు వేరుగా, కానుగలకు వేరుగా ఆ సవరణ వేస్తే మిగిలేది 0.9. సగటు, చెదురు రెండూ విడివిడిగా చూపించకపోతే చదివేవాడికి ఏది దిద్దాలో తెలియదు. నేల కనబడే చోట కొస తప్పు 0.4, నేల తప్పు 0.3 అయితే రెండూ కలిసి సుమారు 0.5 మీటర్లు. గుబురు కింద నేల తప్పు 1.5కు పోతే మొత్తం 1.55 అవుతుంది. అప్పుడు ఇంకా మంచి కెమెరా కొని కొస తప్పును 0.4 నుంచి 0.2కు దించినా మొత్తం 1.51. ఆ డబ్బుతో ఆటో లెవెల్ అద్దెకు తీసుకుని ఇద్దరు మనుషుల్ని రెండు రోజులు తిప్పడం నయం.

ఏటికేడు ఎంత పెరిగిందని అడిగితే మాత్రం లెక్క వేరు. రెండు ఏళ్ల ఎత్తులు విడివిడిగా తీసి తేడా చూపించకండి, రెండింట్లోనూ నేల తప్పు వేర్వేరుగా దూరుతుంది. కొత్త ఉపరితలం నుంచి పాత ఉపరితలాన్ని నేరుగా తీసేయాలి. మధ్యలో నేల అన్న మాటే రాదు, ఈ ఒక్కచోట నేల విడిచి సాము చేయొచ్చు. అందుకు రెండు మోడళ్లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. మారని వస్తువులు, అంటే మిద్దెలు, రోడ్డు, వాటర్ ట్యాంకు పైకప్పు లాంటివి ఒక 20 చోట్ల ఎంచి, అక్కడ తేడా ఎంత వస్తోందో చూడండి. అవి సగటున 10 సెంటీమీటర్లు చూపిస్తే ముందు దాన్ని తీసేయాలి. ఆ తర్వాత కూడా మిద్దెల మధ్య చెదురు 15 సెంటీమీటర్లుంటే, ఏడాదికి 20 సెంటీమీటర్లు పెరిగిన రావిచెట్టు గురించి ఏమీ రాయకుండా మూడేళ్లు ఆగి మళ్లీ ఎగరండి. నీలగిరి తోటకు అంత ఆగక్కర్లేదు, దాని ఏడాది పెరుగుదలే మీటర్లలో ఉంటుంది.